వాల్వు మీద చెమ్మ

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. ఒట్టి కులాసా అని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి వివరంగా రాస్తున్నాను. అమ్మకి మోకాలు మెట్లు ఎక్కేటప్పుడే నొప్పి, దిగేటప్పుడు లేదట. నా దగ్గు తగ్గింది. వంటింట్లో కుళాయి మళ్ళీ కారుతోంది. ఊళ్ళో మంటలన్నీ ఆర్పే మనిషికి ఇంట్లో ఒక్క కుళాయి బిగించడం చేతకాదని, బట్టలు కుట్టించుకోడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మీ అమ్మ చెబుతోంది. నువ్వు అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఏ ఉత్తరంలోనైనా ఉండే ముక్కే ఇది, కానీ ఈసారి రాయడానికి చాలాసేపు పట్టింది.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఇంటికి కాకుండా ఫైర్ స్టేషన్ అడ్రసుకి ఎందుకు రాశావా అనుకున్నాను. సగం చదివాక తెలిసింది, అమ్మ కంట పడకూడదని. నీ ఆదివారం ఫోనుకి పది నిమిషాలే ఇస్తారు, వెనక ఇరవైమంది క్యూ. అంతమంది వింటుండగా మాట్లాడే సంగతి కాదు ఇది. అందుకే రాస్తున్నాను. పోస్టులో వేస్తే నీకు మంగళవారం గానీ చేరదు. ఈ మధ్యాహ్నం మన స్టేషన్ నుంచి పాత పైపులు పరీక్షకని మీ ట్రైనింగ్ స్కూలుకే వెళ్తున్నాయి. ఆ వ్యాన్ డ్రైవర్ చేతికిచ్చి పంపుతాను. నీ చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. "మీ అమ్మాయికి రాసిన ఉత్తరానికి ఇంత బందోబస్తా?" అని నవ్వాడు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బూట్లు కరుస్తున్నాయన్నావు. మడమ తగిలే చోట లోపలివైపు ఎండు సబ్బు రుద్దు, రెండు జతల మేజోళ్ళు వేసుకో, పదిహేను రోజుల్లో అవే దారికొస్తాయి. నిచ్చెన మీద కళ్ళు ఎక్కడ పెట్టాలన్నావు. పైకీ వద్దు, కిందికీ వద్దు. ముక్కుకి ఎదురుగా ఉన్న మెట్టుని చూడు. మీ పరుగుల సారు తడి పైపుల్నే చుట్టమంటాడని విసుక్కున్నావు. ఆయన్ని తిట్టకు. మంట దగ్గర పొడి పైపు ఎక్కడుంటుంది? మన పాత బండి రంగు వేయించుకుని వచ్చింది. ఇప్పుడు ఎంత ఎర్రగా ఉందంటే, దాని పక్కన నిలబడితే నేను ఇంకా ముసలివాడిలా కనిపిస్తున్నానని కుర్రాళ్ళు ఏడిపిస్తున్నారు.

ఇంక అసలు సంగతికి వస్తాను.

పొగగది గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. చీకటి గది, నిండా పొగ, మోకాళ్ళ మీద పాకుతూ ఇరవై నిమిషాల్లో అవతలి తలుపులోంచి బయటపడాలి. మూడో మలుపు దగ్గర నీకు ఊపిరాడనట్టయింది. మాస్కు పీకేసి, నీతో వచ్చిన అమ్మాయిని తోసుకుని, వచ్చిన దారినే బయటికి పరుగెత్తావు. సారు ఏమైందని అడిగితే, "మాస్కులోకి గాలి రాలేదు సార్" అన్నావు. ఆ మాటతో నీ సెట్టుకి, మాస్కూ గాలి సిలిండరూ కలిపి, సీలు వేశారు. మాస్కులు కడిగి, పరీక్షించి, మీ చేతికిచ్చే మీసాల బాబాయ్‌కి నోటీసు వచ్చింది. సోమవారం విచారణ. నువ్వూ వెళ్ళి చెప్పాలి. ఆయన్ని ఆ పనిలోంచి తీసేస్తారని అందరూ అనుకుంటున్నారు.

దాని కింద ఇలా రాశావు: "గాలి రాలేదో, వస్తున్నా నాకు పీల్చడం రాలేదో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు నాన్నా. నీకు కూడా ఇలాగే జరిగింది కదా, సెట్టు మోసం చేసింది కదా. నాకు నువ్వే గుర్తొచ్చి ఆ మాట అన్నాను. మెషిన్లన్నాక పాడవుతాయి, బాబాయ్ తప్పేమీ లేదని చెబితే సరిపోతుందా?"

ఆ నాలుగు ముక్కలూ చదివి కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. టీ తెచ్చిన కుర్రాడు కప్పు పెట్టి, చల్లారిపోయాక వచ్చి దాన్ని పట్టుకుపోయాడు. చిట్టీ, గుర్తు లేదనే ఆ మాట నాకు కొత్త కాదు. పంతొమ్మిదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నదే. నేను అరగదీసిన మాట నీ చేతిరాతలో కనబడేసరికి తల కొట్టేసినట్టయింది.

నాన్న గాలి అయిపోయిన కథ నీకు ఎంతిష్టమో నాకు తెలుసు. నీకు నాలుగేళ్ళప్పటి నుంచీ భోజనం దగ్గర అదే కావాలి. నేను ఈల ఊదే చోటు రాగానే నువ్వూ ఊదేదానివి. బడి సంచీ వీపుకి తగిలించుకుని మంచం కింద పాకేదానివి. చెప్పినప్పుడల్లా పొగ కాస్త చిక్కబడేది, మంట కాస్త పెరిగేది. గోరంతని కొండంత చేయడంలో నాకు సాటి లేరని మీ అమ్మ అనేది. మరి దాచిన గోరంత ఏమిటో ఆమెకీ చెప్పలేదు. నువ్వు ఈ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టినప్పుడు కూడా ఇంటర్వ్యూలో ఆ కథే చెప్పావని విని అందరి ముందూ మురిసిపోయాను. ఆ పూట నాకు భోజనం సయించలేదు.

ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో కథ తక్కువ.

ప్యాకింగ్ స్పాంజి నిలవచేసే గోడౌన్ అది. మధ్యాహ్నం మూడింటికి పిలుపొచ్చింది. వాచ్‌మన్ లోపలే ఉన్నాడని ఎవరో అరిచారు. పొడుగాయన ముందు, నేను వెనక. ఆయన తెలుసుగా నీకు, నీ పుట్టినరోజులకి వచ్చి మన గుమ్మానికి తల కొట్టుకునే పెదనాన్న. ఒక చేయి పైపు మీద, ఒక చేయి ముందువాడి భుజం మీద ఉండాలి. ఆ రెండూ వదలకూడదన్నది మా పనిలో మొదటి పాఠం, నీకూ చెప్పే ఉంటారు. రెండో వరస దాటాక మా వెనక ఏదో కూలింది. పైపు చేతిలో ఒక్కసారి ఎగిరింది. కన్ను పొడుచుకున్నా కనబడని పొగ. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది. పీల్చినకొద్దీ చాలట్లేదనిపించింది. మాస్కు ముఖానికి అంటుకుపోతోందనిపించింది. సెట్టు బాగానే ఉంది తల్లీ. గాలి బాగానే వస్తోంది. నాకు భయమేసింది. అంతే.

భుజం మీద చేయి తీశాను. వెనక్కి తిరిగి, పైపు జాయింట్లు తడుముకుంటూ బయటికి పాకాను. పొడుగాయనకి చెప్పలేదు.

బయటికొచ్చి బండి వెనక చేరి మీటరు చూసుకున్నాను. ముల్లు సగం పైన ఉంది. ఇంకా పావుగంటకి సరిపడా గాలి. బండి అవతలి నుంచి ఆఫీసరు నా వైపే వస్తున్నాడు. ఆ క్షణంలో నేను ఆలోచించానని చెప్పలేను, ఆలోచించలేదనీ చెప్పలేను. వాల్వు తిప్పి గాలి బయటికి వదిలేశాను. పంపు హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. నిమిషంన్నర పట్టింది. గాలి అడుగంటేసరికి సెట్టు ఈల మోగింది. ఆ ఈల మాత్రం అందరూ విన్నారు. నేను నీకు చెప్పిన కథలో నిజమైన ముక్క అదొక్కటే.

"గాలి అయిపోయిందా?" అన్నాడు ఆఫీసరు.

తల ఊపాను. అబద్ధం చెప్పడానికి నోరు తెరవాల్సిన పని కూడా లేకపోయింది.

ఆ తర్వాత ఆరు నిమిషాలకి పొడుగాయన ఒక్కడే బయటికొచ్చాడు. ఎడమ చెవి కాలింది. ఆ చెవి సంగతి ఎప్పుడడిగినా నువ్వు నమ్మనివే చెబుతాడు. వాచ్‌మన్ అసలు లోపల లేనేలేడు, వీధి చివర నిలబడి మాతో పాటే మంట చూస్తున్నాడు. పొడుగాయన నన్ను చూసి వీపు మీద ఒక్కటి చరిచి, "బతికావు కదరా, చాలు. నువ్వు భుజం తట్టే ఉంటావు, నేనే గమనించుకోలేదు" అన్నాడు. ఇప్పటికీ అదే అంటాడు.

ఖాళీ సిలిండర్లు తీసుకెళ్ళడానికి గాలి పెద్దాయన వచ్చాడు. నీకు తెలియదు ఆయన. మా స్టేషన్‌లో సిలిండర్ల గది ఆయనది. అక్కడ చెప్పుల చప్పుడు కూడా పడనిచ్చేవాడు కాదు. నింపిన ప్రతి సిలిండర్ మీదా సుద్దముక్కతో తేదీ వేసి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పెట్టేవాడు. మేం వేళాకోళం చేస్తే, "లోపల మీరు పీల్చేది దేవుడిచ్చిన గాలి కాదురా, నేనిచ్చింది" అనేవాడు. ఆయన నా సిలిండర్ ఎత్తుతూ వాల్వు పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు. చేయి తీసి చూసుకున్నాడు. అరచేయి తడిగా ఉంది.

ఇది నీకు ముందు ముందు పనికొస్తుంది, తెలుసుకో. ఊపిరితో నెమ్మదిగా ఖర్చయిన సిలిండర్‌ని మంటలోంచి తెస్తే అది వెచ్చగా ఉంటుంది. ఒక్కసారిగా గాలి వదిలేస్తే వాల్వు మంచుగడ్డలా చల్లబడి, దాని మీద చెమ్మ పడుతుంది. అక్కడున్నవాళ్ళలో అది తెలిసినవాడు ఆయనొక్కడే. నా ముఖంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన చేయి ప్యాంటుకి తుడుచుకుని, సిలిండర్ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

విచారణ జరిగింది. పొద్దున్నే నిండుగా నింపినట్టు పుస్తకంలో ఆయన చేతిరాత ఉంది. నిండు సిలిండర్ అంత తొందరగా ఎలా అయిపోతుందన్నారు. అయితే నింపకుండానే నింపినట్టు రాశావన్నారు. ఆయన నింపానని ఒకే మాట మీద ఉన్నాడు, అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. గది తాళాలు తీసేసుకుని గేటు దగ్గర కాపలా వేశారు. రిటైరయ్యేదాకా పన్నెండేళ్ళు ఆ గేటు దగ్గరే ఉన్నాడు. డ్యూటీకి వచ్చినప్పుడల్లా గేటు తీసేది ఆయనే. నేను బండి నడుపుతూ లోపలికొస్తూ ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకునేవాణ్ణి.

నేను అడిగి మరీ, బయట బండి దగ్గరే ఉండే పంపు పనికి మారాను. ఊపిరితిత్తుల బాధ అని ఇంట్లో చెప్పాను. అది కూడా నిజం కాదు. మళ్ళీ లోపలికి వెళ్ళలేకపోయాను.

గురువారం మీ అమ్మకి చెప్పాను. నీ ఉత్తరం ముందు పెట్టి, నా సంగతి తర్వాత చెప్పాను. క్షమించు, దాచమన్నావు కానీ నా వల్ల కాలేదు. జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. చివరిదాకా కత్తెర ఆపలేదు. అంతా విని, "ఆ కథ చెప్పినప్పుడల్లా మధ్యలో మీరు మంచినీళ్ళు తాగేవారు. ఎందుకో అనుకునేదాన్ని" అంది. గుడ్డ మడిచి పెట్టి, "పిల్లకి రాసే ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. ఆ ముఖం చూడకుండా దీనికి నీతులు రాస్తే బాగోదు" అంది. నేను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

నిన్న పొద్దున్న గాలి పెద్దాయన ఇంటికి వెళ్ళాను. సైకిల్ షాపు మీద రెండు గదులు, ఇరుకు మెట్లు. పక్కింటివాళ్ళ గ్యాస్ పొయ్యి విప్పుకుని నేల మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. స్టూలు చూపించాడు.

"పోయినవారం మీ పొడుగువాడు మార్కెట్లో కనిపించాడు. మీ పాప ట్రైనింగ్‌లో చేరిందటగా" అన్నాడు.

"చేరిందన్నా."

"మంచిది. ఆడపిల్లలు పని శుభ్రంగా చేస్తారు."

స్టూలు మీంచి దిగి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పేశాను. భయపడ్డాననీ, సగానికి పైగా గాలి ఉందనీ, వాల్వు నేనే తిప్పాననీ చెప్పాను. ఆయన పొయ్యి బర్నరు గుడ్డతో తుడుస్తూనే విన్నాడు.

"మీకు ఆ రోజే తెలుసు కదన్నా. ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. సిగ్గులేకుండా అడిగాను.

"ఏమని చెప్పనూ? చల్లగా ఉంది సార్, అననా? ఆ చల్లదనం పావుగంటలో పోతుంది. తర్వాత అది మామూలు ఇనప ముక్క. నవ్వేవాళ్ళు. చెప్పాల్సింది నువ్వు తమ్ముడూ. నువ్వు చెబుతావని ఒక ఏడాది చూశాను."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు.

"ఎంతసేపు వదిలావు గాలి?"

"నిమిషంన్నర పట్టిందన్నా."

వేళ్ళు మడుచుకుంటూ ఏదో లెక్క వేసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. తర్వాత గోడకి ఆనుకుని పెద్దగా ఊపిరి వదిలాడు.

"అంతసేపు వచ్చిందంటే లోపల సగం పైనే ఉంది. అయితే నిండుగానే నింపాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు.

"మొదట్లో నీ మీదే అనుమానం. ఏళ్ళు గడిచేకొద్దీ నా మీదకి తిరిగింది. చెమ్మ నిజంగా చూశానా, చూశాననుకున్నానా? ఆ పొద్దున మా ఆవిడకి జ్వరం. మనసు ఇంటి దగ్గరే ఉంది. ఆ ఒక్కటీ నింపకుండానే సుద్దముక్కతో గీసేశానేమో అనుకునేవాణ్ణి. గేటు దగ్గర కూర్చుని రోజూ ఆ పొద్దున్ని మొదటి నుంచి గుర్తు చేసుకునేవాణ్ణి. మా ఆవిడ పోయేముందు కూడా అడిగింది, నిజంగా నింపావా అని. ఏమో అన్నాను."

చిట్టీ, ఆ "ఏమో" విని నేను ఏడ్చాను. ఆయన ఎదురుగానే, నేల మీద కూర్చుని, యాభై ఏడేళ్ళవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. కాసేపయ్యాక, "ఆ బర్నరు ఇటు అందుకో" అన్నాడు. పొయ్యి బిగించేదాకా కూర్చుని సామాన్లు అందించి వచ్చాను.

అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కి వెళ్ళి ఇవన్నీ కాగితం మీద రాసి ఇప్పటి ఆఫీసరుకి ఇచ్చాను. ఆయన ఈ ఉద్యోగంలో చేరేనాటికే అది పాత సంగతి. చదివి, "రిటైర్మెంటుకి అయిదు నెలలుంది, ఇప్పుడెందుకండీ ఇదంతా?" అన్నాడు. పైకి పంపమన్నాను. ఏం చేస్తారో తెలియదు. పొడుగాయనకి కూడా చెప్పాను. ఆయన కాలిన చెవి తడుముకుంటూ విని వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున డ్యూటీకి వచ్చాడు కానీ నా పక్కన కూర్చోలేదు. అది ఆయన హక్కు.

ఇంక నీ సంగతి. భయపడ్డందుకు నువ్వు సిగ్గుపడొద్దు. ఆ గోడౌన్ దగ్గర నా భయం కన్నా నా అబద్ధం ఎక్కువ నష్టం చేసింది. పొడుగాయన చెవి నా భయం వల్ల కాలింది, అది ఏడాదిలో మానింది. భయం గురించి మీ సారుకి చెబితే మళ్ళీ పొగగదికి పంపుతాడు, ఇంకోసారి భయపడతావు, మూడోసారి కాస్త తక్కువ భయపడతావు. నేను చెప్పలేదు కాబట్టి నన్ను ఎవరూ మళ్ళీ పంపలేదు. అందుకే అది ఇంకా నాలోనే ఉంది. ఒకవేళ నువ్వు పనికిరావని పంపించేస్తే ఇంటికి వచ్చెయ్. మీ అమ్మ పక్కన ఇంకో కుట్టుమిషన్‌కి చోటుంది, కుళాయి బిగించేవాళ్ళు కూడా ఎవరూ లేరు. తలెత్తుకునే రా.

మెషిన్లన్నాక పాడవుతాయని చెబితే సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా. సెట్టు పాడైందన్నా దాన్ని పరీక్షించిన చేతులు ఆయనవే. ఆ గదిలో ఏం జరిగిందో నీకు గుర్తుంది. నాకు గుర్తున్నట్టే నీకూ గుర్తుంది. అయినా చెప్పమని నేను ఆజ్ఞ వేయలేను, ఆ అర్హత నాకు లేదు. సోమవారం నువ్వేం చెప్పినా నువ్వు నా కూతురివే.

ఒక్క మాట రాసి ముగిస్తాను. నీ ఉత్తరం అడుగున, మీసాల బాబాయ్ రెండు రోజులుగా స్టోరులో ఉన్న మాస్కులన్నీ దింపి, ఒక్కొక్కటీ తన ముఖానికే పెట్టుకుని గాలి పీల్చి చూస్తున్నాడనీ, ఎందుకలా చేస్తున్నాడో అర్థం కావట్లేదనీ రాశావు. ఎందుకో నాకు నిన్న తెలిసింది. ఇప్పుడు నీకూ తెలుసు. సోమవారం దాకా ఆగకు తల్లీ, ఆయన ఇంకో మాస్కు పెట్టుకునే లోపలే వెళ్ళు.

ఇట్లు,
ఇన్నేళ్ళకి నిజం చెప్పిన
మీ నాన్న